నిరీక్షణ: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిలు స్టడీల్లో, ఆదరణ కూడికల్లో, ఆసుపత్రి వరండాల్లో ఒకే రకం సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. వాటిని అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ ఉంచాం. ఏ ప్రశ్న మీదైతే అక్కడి నుంచే చదువుకోవచ్చు. వచనాల మాటలు మన సంఘాల్లో చదివే పాత తెలుగు అనువాదంలోవి.

## మొదట్లో వచ్చే సందేహాలు

ఆశ, నమ్మకం, నిరీక్షణ... మూడూ ఒకటే కదా?

దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కావు. "ఈసారి వానలు బాగా పడితే బాగుండు" అనుకోవడం ఆశ. పడొచ్చు, పడకపోవచ్చు, ఎవరూ మాటివ్వలేదు. నిరీక్షణ వెనక మాటిచ్చినవాడు ఒకడుంటాడు. "ఆరింటి బండికి దిగుతున్నా" అని కొడుకు ఫోన్ చేశాక, ప్లాట్‌ఫాం మీద తల్లి నిలబడి చూసే చూపు నిరీక్షణ. బండి గంట లేటు కావచ్చు, ఆమె కళ్లు మాత్రం పట్టాల మీదే ఉంటాయి. ఆ మాటలోనే "ఈక్షణ", అంటే చూపు, ఉంది. విశ్వాసం మాటిచ్చిన దేవుణ్ణి నమ్ముతుంది. నిరీక్షణ ఆ మాట నెరవేరే రోజు వైపు తల తిప్పి చూస్తుంది. హెబ్రీ 11:1 ఆ రెండింటినీ ఒకే వాక్యంలో ముడివేసింది.

కీర్తనల్లో "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" అని ఉంది. దేన్ని కనిపెట్టాలి?

ఇప్పుడు కనిపెట్టడం అంటే కొత్తగా కనుక్కోవడం అనే అర్థమే ఎక్కువ వాడుకలో ఉంది కాబట్టి ఈ తికమక వస్తుంది. పల్లెల్లో ఇంకా "నేను వచ్చేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉండు" అంటారు కదా, కీర్తన 27:14లో ఉన్నది ఆ మాట. పడుకుని ఎదురుచూడడం కాదు, మెలకువగా ఉండి కాపు కాయడం. కీర్తన 130:6లో రాత్రి కావలివాళ్లు తెల్లవారడం కోసం చూస్తుంటారు. వాళ్లు తూర్పును తెల్లవార్చలేరు, తెల్లవారుతుందని మాత్రం వాళ్లకు తెలుసు. తెల్లవారేదాకా కావలి పని ఆపరు.

ఇది మనసుకు మనమే సర్దిచెప్పుకోవడం కాదా? దీనికి ఆధారమేంటి?

న్యాయమైన ప్రశ్న. క్రైస్తవ నిరీక్షణ ఒకే ఒక సంఘటన మీద నిలబడింది: యేసు మృతుల్లోనుంచి లేచాడు. 1 పేతురు 1:3 "జీవముతో కూడిన నిరీక్షణ" ఆ పునరుత్థానం వల్లే కలిగిందని చెబుతుంది. పౌలు ఎదురు మాట కూడా దాచలేదు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని 1 కొరింథీ 15:14లో తేల్చి రాశాడు. అదే అధ్యాయంలో క్రీస్తును "ప్రథమఫలము" అన్నాడు. రైతు ఇళ్లవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. లేవీయకాండము 23 ప్రకారం కోతలో మొదటి పనను యాజకుడి దగ్గరికి తెచ్చేవాళ్లు. ఒక పన చేతికొచ్చిందంటే పొలంలో మిగతాదీ పండిందనే. ఆయన సమాధిలోనుంచి లేచాడంటే మన సమాధుల సంగతి కూడా మొదలైనట్టే.

నాకు చిన్నప్పటి నుంచి భయం ఎక్కువ. నాలాంటివాళ్లకు నిరీక్షణ ఉంటుందా?

ఉంటుంది. అది స్వభావంతో వచ్చే గుణం కాదు. హెబ్రీ 6:19 దాన్ని లంగరుతో పోల్చింది. లంగరు వేసిన పడవ కూడా అలలకు ఊగుతుంది, కడుపులో తిప్పుతుంది, లోపలివాళ్లు భయపడతారు. కొట్టుకుపోదు, అంతే. పట్టు ఉన్నది పడవలో కాదు, కంటికి కనబడని అడుగున. భయం ఉందా లేదా అని రోజూ గుండె తడిమి చూసుకోకండి. లంగరు ఎక్కడ పడిందో చూసుకోండి.

## రోజువారీ బతుకులో

నిరీక్షణ ఆశీర్వాదం అంటే చనిపోయాక పరలోకమే కదా. ఇప్పుడు ఏం ఒరుగుతుంది?

చాలా ఒరుగుతుంది. మన ప్రసంగాల్లో ఈ భాగమే తక్కువగా వినబడుతుంది. రోమా 15:13 ప్రకారం "నిరీక్షణకర్తయగు దేవుడు" ఇప్పుడే సంతోషంతోనూ సమాధానంతోనూ నింపుతాడు. 2 కొరింథీ 3:12లో పౌలుకు మాట్లాడే ధైర్యం దీని నుంచే వచ్చింది. 1 యోహాను 3:3లో ఈ నిరీక్షణ ఉన్నవాడు తన్ను తాను పవిత్రంగా ఉంచుకుంటాడు. పెళ్లి కుదిరిన అమ్మాయి నడకలో తేడా వచ్చినట్టు, రాబోయే రోజు ఈ రోజు నడకను మారుస్తుంది.

చేతిలో డబ్బు దగ్గర ఈ ఆశీర్వాదం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. హెబ్రీ 10:34లో కొందరు విశ్వాసుల ఆస్తి దోచుకుపోయారు. వాళ్లు దాన్ని సంతోషంగా భరించారు, ఎందుకంటే అంతకంటే శ్రేష్ఠమైనదీ నిలిచేదీ తమకుందని వాళ్లకు తెలుసు. ఖైదులో ఉన్నవాళ్ల మీద కరుణ చూపింది కూడా వాళ్లే. అన్నీ ఇక్కడే సంపాదించాలి, ఇక్కడే అనుభవించాలి అనుకునేవాడికి పిడికిలి విప్పడం కష్టం. అన్నదమ్ముల మధ్య అరసెంటు గట్టు తగాదాలో ఒకడు తగ్గగలిగాడంటే, చాలాసార్లు దాని వెనక ఉండేది ఇదే.

శ్రమ వస్తే నిరీక్షణ పెరుగుతుందని రోమా 5లో ఉంది. మాకు తగ్గుతోందేంటి?

రోమా 5:3-4 వరుస నెమ్మదిగా చదవండి: శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను. శ్రమ నుంచి నేరుగా నిరీక్షణకు దారి లేదు, మధ్యలో రెండు మెట్లున్నాయి. ఆసుపత్రిలో చేరిన మూడో రోజే నిరీక్షణ పొంగలేదని బాధపడేవాళ్లు ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నారు. అక్కడ కావలసింది ఓర్పు ఒక్కటే.

రెండో చిక్కు "పరీక్ష" అనే మాట. మనకు వెంటనే హాల్ టికెట్టు, మార్కులు గుర్తొస్తాయి. గ్రీకులో ఉన్న మాట దొకిమే. పరీక్షకు నిలిచి తేలిన నాణ్యం అని అర్థం. కంసాలి గీటురాయి మీద గీసి "ఇది మేలిమే" అన్నాక ఆ బంగారానికి వచ్చే పేరు అది. ఒకసారి కష్టంలో దేవుడు విడవలేదని తేలితే, రెండోసారి కష్టం వచ్చినప్పుడు ఆ గీత మనకు కనబడుతుంది. నిరీక్షణ అక్కడ పెరుగుతుంది. అందుకే అరవై దాటిన విశ్వాసురాలి ప్రార్థనలో ఉండే నిబ్బరం పాతికేళ్లవాళ్ల ప్రార్థనలో అంత తొందరగా కనబడదు. అందులో తప్పేమీ లేదు.

ప్రార్థనకు కూర్చుంటే బాధే గుర్తొస్తుంది. ఏం చెయ్యమంటారు?

బాధతోనే మొదలుపెట్టండి. 13వ కీర్తన ఆరు వచనాలే. మొదటి రెండు వచనాల్లో "ఎంతకాలం" అనే ప్రశ్నను దావీదు నాలుగుసార్లు అడుగుతాడు. తరువాతి రెండింటిలో కావలసింది అడుగుతాడు. చివరి రెండింటిలో దేవుడి కృపను పట్టుకుంటాడు. ఇదే వరుసలో పది నిమిషాల ప్రార్థన కుదురుతుంది: నాలుగు నిమిషాలు ఫిర్యాదు, పేర్లతో, వివరాలతో. మూడు నిమిషాలు ఒకే ఒక మనవి. మిగిలిన మూడు నిమిషాలు ఇదివరకు దేవుడు చేసిన ఒక మేలును గట్టిగా పైకి చెప్పడం.

ఎక్కువమంది ఫిర్యాదు చేస్తే పాపమేమోనని మొదటి భాగం దాటేస్తారు. అప్పుడు మూడో భాగం నోటి మాటే అవుతుంది, మనసు వెనకే ఉండిపోతుంది. మరికొందరు మొదటి భాగంలోనే లేచి వెళ్లిపోతారు. కొన్ని రోజులు మూడో భాగం రాదు, అప్పుడు 88వ కీర్తన చదవండి. అది చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, అయినా బైబిల్లో ఉంది.

## జవాబు ఆలస్యమైనప్పుడు

డిసెంబర్ 31 రాత్రి యిర్మీయా 29:11 వాగ్దాన కార్డు వచ్చింది. ఏడాది గడిచింది, ఏమీ జరగలేదు. నా విశ్వాసంలో లోపమా?

లోపం మీ విశ్వాసంలో కాదు, కార్డు మీద ఒక్క వచనమే ఉండడంలో. పై వచనం కూడా అచ్చువేసి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు. 29:10లో, యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లతో, అక్కడ 70 సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని దేవుడు అంటున్నాడు. రాబోయే కాలంలో నిరీక్షణ కలుగుతుందన్న 11వ వచనం ఆ డెబ్బై ఏళ్లకు చెందిన మాట.

ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని దేవాలయంలో జనం ముందు చెప్పాడు. జనానికి నచ్చే మాట అదే. యిర్మీయా మాత్రం చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది యెరూషలేమును మళ్లీ చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ" అన్న మాట వాళ్లకే వచ్చింది.

కాబట్టి కార్డు పారేయకండి. వెనకవైపు "29:4-10 కూడా" అని రాసుకుని, అధ్యాయమంతా చదవండి. దేవుడి ఉద్దేశాలు సమాధానకరమైనవే. అవి డిసెంబర్‌లోగా అని మాత్రం ఆయన చెప్పలేదు. సంఘ పెద్దలకు ఒక మనవి: కార్డులు పంచే ముందు వచనం ముందూ వెనకా ఏముందో ఒక్క నిమిషం చెప్పండి.

దేవుడి మీద నిరీక్షణ ఉంచాక ఇంక మన ప్రయత్నం ఎందుకు? వేచి ఉంటే చాలదా?

యిర్మీయా 32 చూడండి. యూదా రాజు సిద్కియా ఏలుబడి పదో ఏడు. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. యిర్మీయా రాజు ఇంటి బందీఖానాలో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో తన పొలం కొనుక్కోమన్నాడు. శత్రువు చేతిలోకి పోతున్న ఊళ్లో భూమి ఎవరు కొంటారు? దేవుడు కొనమన్నాడు. యిర్మీయా పదిహేడు తులాల వెండి, అంటే రెండు వందల గ్రాములకు కాస్త తక్కువ, త్రాసులో తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాశాడు, ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్న నకలు ఒకటి. రెండింటినీ చాలా కాలం పాడవకుండా మట్టికుండలో పెట్టమని తన లేఖికుడు బారూకుకు అప్పగించాడు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ మళ్లీ కొంటారన్నది అప్పుడు అందిన మాట. రిజిస్ట్రేషన్ పద్ధతిలో ఏ ఒక్కటీ వదలకుండా చేసిన పని అది. విచిత్రమేమంటే, అంతా అయ్యాకే యిర్మీయా దేవుడి ముందు కూర్చుని, పట్టణం పోతుంటే పొలం కొనమన్నావేంటని అడుగుతాడు. డబ్బు ముందు కట్టాడు, సందేహం తరువాత చెప్పుకున్నాడు.

మన నేల మీదా ఇలాంటిదే జరిగింది. తెలుగువాళ్ల మధ్య పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను, ఫలం లేదని మూసేద్దామని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్ సేవకుడు లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్క రోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండ మీద ప్రార్థనకూ ఆ రోజుకూ మధ్య 24 ఏళ్లు. ఆ మధ్యలో కాలువ తవ్వారు.

పెళ్లై తొమ్మిదేళ్లు. పిల్లల కోసం ప్రార్థిస్తూనే ఉన్నాం. "నీకూ హన్నాలా ఇస్తాడు" అంటారు. నమ్మాలా?

ప్రార్థించండి, ఆపమని ఎవరూ అనకూడదు. దేవుడు అందరికీ మాటిచ్చినదాన్నీ, మనం ఆయన్ను అడుగుతున్నదాన్నీ వేరుగా పెట్టుకుంటే గుండెకు కొంత ఊపిరాడుతుంది. "నిన్ను ఏమాత్రమును విడువను" అన్న హెబ్రీ 13:5 మీకు ఇచ్చిన మాట. బిడ్డ మీరు అడుగుతున్న మనవి. ప్రార్థించి సమూయేలును కన్న హన్నాకు జరిగింది హన్నా కథ. దాన్ని ఇంకొకరికి తేదీ వేసి చెప్పే అధికారం ఎవరికీ లేదు. కోరిక సఫలం కాకపోతే హృదయం నొస్తుందని సామెతలు 13:12 ఒప్పుకుంది కాబట్టి మీ నొప్పి అవిశ్వాసం కాదు.

ఏడాది ప్రయత్నించినా, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే, డాక్టరును కలవాలి. పరీక్షలు ఇద్దరికీ చేయించాలి. మగవాడి పరీక్ష తేలిక, ఖర్చు తక్కువ, అయినా మన ఇళ్లలో అదే చివరికి నెడతారు. చికిత్స మధ్యలో ఉపవాసం ఉండాలనుకుంటే డాక్టరును అడిగి ఉండండి.

ప్రభువు రాకడ ఫలానా సంవత్సరమని వీడియోలు వస్తున్నాయి. సిద్ధపడాలా?

రాకడకు సిద్ధపడండి, ఆ సంవత్సరానికి వద్దు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మార్కు 13:32లో ప్రభువే చెప్పాడు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ విన్నవాళ్లు 1844 అక్టోబర్ 22 కోసం ఎదురుచూశారు. కొందరు పొలాల్లో పంట కోయకుండా వదిలేశారు. ఆ రోజు గడిచాక ఎంతోమంది విశ్వాసం చెదిరింది. తేదీ చెప్పి ఆస్తులు అమ్మమనేవాళ్లకు, కానుకలు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

కువైట్‌లో ఇంటిపనిలో ఉన్నాను. సెలవు దొరకదు, సంఘానికి వెళ్లి ఏడాదిన్నర అయింది. నా నిరీక్షణ చల్లారుతోంది.

అమ్మా, చల్లారడం సహజమే. నిరీక్షణను గట్టిగా పట్టుకోమన్న వెంటనే, కూడుకోవడం మానొద్దని హెబ్రీ 10:23-25 చెబుతుంది. ఒంటరిగా అది నిలవడం కష్టమని ఆ వచనాలకు తెలుసు. వెళ్లలేకపోవడం మానేయడం కాదు. వారంలో ఒక రోజు, ఒకే సమయానికి, ఒకే మనిషితో పదిహేను నిమిషాలు ఫోన్లో ప్రార్థించండి. పెద్ద గ్రూపులో వందమంది మెసేజ్‌లకంటే మీ పేరు పెట్టి పిలిచే ఒక గొంతు ఎక్కువ పనిచేస్తుంది. ఊళ్లో ఉన్న సంఘంవాళ్లకు చెప్పి, ప్రభు రాత్రి భోజనం రోజు మీ పేరు ప్రార్థనలో ఎత్తమనండి.

## జబ్బు, చావు దగ్గర

మందులు వేసుకుంటే దేవుడి మీద నిరీక్షణ లేనట్టా?

కాదు. స్వస్థత వరం ఉన్న పౌలే తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతులో జబ్బుగా వదిలి వచ్చానని 2 తిమోతి 4:20లో రాశాడు. తిమోతి కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. రాజైన హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. షుగరు ఇన్సులిన్, బీపీ బిళ్లలు, మూర్ఛ మందులు ప్రార్థన అయ్యాక ఆపేయడం ప్రాణం మీదకు తెస్తుంది. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గిందని సాక్ష్యం చెప్పి ఆపేస్తే మందుకు లొంగని టీబీ రావచ్చు. సాక్ష్యం డాక్టరు పరీక్ష చేసి చెప్పాక ఇవ్వండి.

బతకాలని లేదు. విశ్వాసినై ఉండి ఇలా అనిపించడం పాపమా?

మిమ్మల్ని తప్పుపట్టే మాట ఇక్కడ లేదు. ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. 1 రాజులు 19లో దేవుడు ఏం చేశాడో చూడండి. మందలించలేదు, ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. "నీ శక్తికి మించిన ప్రయాణము" అని ఒప్పుకున్నాడు. మాట్లాడింది ఆ తరువాతే.

ఈ రోజే ఒక మనిషికి ఇదే మాట విప్పి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఇంకొకరి ఇంటికి పంపించేయమనండి. ఒంటరిగా ఉండకండి. డిప్రెషన్ జబ్బు, దానికి చికిత్స ఉంది. ఈ మాట ఇంట్లోవాళ్ల నోట వింటే వచనం చెప్పేముందు పక్కన కూర్చోండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మా నాన్నగారు ప్రభువులో నిద్రించారు. ఏడిస్తే నిరీక్షణ లేనట్టు అంటున్నారు. నిజమా?

1 థెస్స 4:13 "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దు అంటుంది. దుఃఖమే వద్దనలేదు. లాజరును ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. ఏడవండి. మూడో రోజునో పదో రోజునో పెట్టే ఆదరణ కూడిక అయిపోగానే దుఃఖం తీరాలని లేదు. అందరూ వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయ్యాకే అసలు బరువు తెలుస్తుంది.

రక్షణ పొందకుండా చనిపోయిన మా అమ్మ సంగతేంటి?

ఆమె ఆఖరి ఘడియలో దేవుడికీ ఆమెకూ మధ్య ఏం జరిగిందో చెప్పగలవాళ్లు లేరు. అబ్రాహాము ఆదికాండము 18:25లో సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చెయ్యడా అని అడిగాడు. మీరు ఆమెను ఆ న్యాయం చేసేవాడి చేతుల్లో పెట్టి ఆగవచ్చు. మీ ముందు ఎవరైనా ఖాయంగా తీర్పు చెబితే వినాల్సిన పని లేదు.

క్యాన్సర్ ఆఖరి దశలో ఉన్న విశ్వాసిని చూడ్డానికి వెళ్తున్నాం. ఏం మాట్లాడాలి?

వెళ్లే ముందు ఫోన్ చేసి అడగండి. ఇద్దరికంటే ఎక్కువమంది వద్దు. పడుకున్న మనిషి కళ్లకు సమానంగా కూర్చోండి. పదిహేను నిమిషాలు చాలు. "లేచి తిరుగుతారు, నాకు ప్రభువు చూపించాడు" అనకండి. అది జరగకపోతే ఇంట్లోవాళ్లు ఆ మాటను ఏళ్లపాటు మోస్తారు. జబ్బు ఎందుకొచ్చిందో వెతక్కండి, యోబు స్నేహితులు నోరు తెరిచిందాకా మంచి స్నేహితులే.

ఒక చిన్న భాగం చదవండి: 23వ కీర్తన, లేక రోమా 8:35-39. నెమ్మదిగా, ఒకసారి. మాట్లాడలేకపోయినా వినబడుతుండవచ్చు, అందుకే మంచం పక్కన జబ్బు గురించి గుసగుసలు వద్దు. ప్రార్థన రెండు నిమిషాలు, పేరు పెట్టి. పెదాలు ఎండిపోయి ఉంటే నర్సును అడిగి తడి దూదితో అద్దండి. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పండి, ఆ రోజు వెళ్లండి.